ఊపిరితిత్తుల గడ్డకు ఆపరేషన్ వీలుకాదన్నారా? రేడియేషనా, అబ్లేషనా ఎలా తేల్చుకోవాలి

మా నాన్నకు అప్పుడు 71 ఏళ్లు. ఆర్టీసీలో ముప్పై ఏళ్లు బస్సు నడిపారు, అన్నేళ్లూ సిగరెట్లు కాల్చారు. కుడి ఊపిరితిత్తి పైభాగంలో 2.4 సెంటీమీటర్ల గడ్డ బయటపడింది. సర్జన్ గారు ఫైలంతా చూసి, "ఈ ఊపిరితో ఆపరేషన్ తట్టుకోలేరమ్మా" అన్నారు. ఇక చేసేదేం లేదని ఇంటిల్లిపాదీ అనుకున్నాం. ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు. ఆయన వద్దన్నది ఆపరేషన్ ఒక్కటేనని, వైద్యమే లేదనలేదని మాకు అర్థమయ్యేసరికి వారం గడిచిపోయింది. ఆ వారం మీకు పోకూడదనే ఇదంతా రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాదు. నాన్నకు రేడియేషన్, ఆ తర్వాతి ఏడాది మావయ్యకు మైక్రోవేవ్ అబ్లేషన్ (సూది గుచ్చి వేడితో గడ్డను కాల్చడం) దగ్గరుండి చేయించాను. డాక్టర్లను అడిగి తెలుసుకున్నవి, చదివి సరిచూసుకున్నవి ఇక్కడ పెడుతున్నాను. చివరి మాట మీ రిపోర్టులు చూసిన డాక్టర్లదే.

## ముందు తేలాల్సింది: ఆపరేషన్ ఎందుకు కాదన్నారు?

ఈ మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి, గడ్డ చిన్నదే, ఎక్కడికీ పాకలేదు, కానీ మనిషికి ఆపరేషన్ తట్టుకునే శక్తి లేదు. ఆయాసం, గుండె జబ్బు, వయసు అడ్డొస్తాయి. రెండోది, గడ్డే తీయడానికి వీల్లేకుండా పెద్ద రక్తనాళాలకు అతుక్కుంది, లేదా ఛాతీ మధ్యలోని లింఫ్ గ్రంథులకు పాకింది.

ఈ వ్యాసం మొదటి రకం వాళ్ల కోసం. రెండో రకానికి దారి వేరు. మూడో దశలో అయితే సాధారణంగా కీమో, రేడియేషన్ కలిపి ఆరు వారాలపాటు ఇస్తారు, ఆ తర్వాత చాలామందికి ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పంపే మందులు) ఉంటుంది. నాలుగో దశలో మందులదే ప్రధాన పాత్ర. మన దేశంలో అడినోకార్సినోమా అనే రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో, గడ్డ కణాల్లోని ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉన్నవాళ్లు తక్కువేం కాదు. అది ఉంటే మాత్రలతోనే జబ్బును చాలాకాలం అదుపులో పెట్టగలుగుతున్నారు. కాబట్టి ఆ పరీక్ష చేశారా అని తప్పకుండా అడగండి. ఒళ్లంతా పాకిన జబ్బుకు ఒక్క గడ్డను కాల్చేసి లాభం లేదు.

కాదన్నది ఎవరో కూడా చూసుకోండి. ఛాతీ ఆపరేషన్లే చేసే థొరాసిక్ సర్జన్ చూసి చెప్పారా, లేక ఇంకెవరైనా అన్నారా? గడ్డ 2 సెంటీమీటర్లు, అంతకన్నా తక్కువ ఉంటే ఊపిరితిత్తి భాగమంతా తీయకుండా చిన్న ముక్క తీసినా సరిపోవచ్చని 2022లో జపాన్ అధ్యయనం, 2023లో అమెరికా అధ్యయనం చూపించాయి. కీహోల్ పద్ధతిలో అది తట్టుకోగలిగే వాళ్లూ ఉంటారు. సిగరెట్ మానేసి, ఇన్‌హేలర్ సరిగ్గా వాడి, ఊపిరి వ్యాయామాలు చేశాక ఊదే పరీక్షలో అంకెలు మెరుగుపడిన వాళ్లున్నారు. మా నాన్నకు అవేవీ కలిసిరాలేదు. ఆ ఊదే పరీక్షలో (స్పైరోమెట్రీ) ఆయన ఊపిరి ఉండాల్సినదాంట్లో 38 శాతమే.

## బయాప్సీ లేకుండా ముందుకెళ్లొద్దు

ఇది కొంచెం బాధతోనే రాస్తున్నాను. నాన్న ఎక్స్‌రేలో మచ్చ కనపడగానే ఒక ఆసుపత్రిలో కఫం పరీక్ష కూడా చేయకుండా టీబీ మందులు మొదలుపెట్టారు. మూడు నెలలు వాడాం. మచ్చ తగ్గకపోగా పెరిగింది. అప్పుడు గానీ సీటీ తీయలేదు.

దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. టీబీ గడ్డలు పెట్ స్కాన్‌లో క్యాన్సర్ లాగే వెలుగుతాయి. టీబీ ఇంతగా ఉన్న మన దగ్గర, స్కాన్ చూసి క్యాన్సర్ అనేసుకుని రేడియేషన్ ఇవ్వడం ప్రమాదం. పాశ్చాత్య దేశాల్లో బయాప్సీ (గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) మరీ కష్టమైతే ఒక్కోసారి స్కాన్ల ఆధారంగానే చికిత్స చేస్తారు. ఆ లెక్క మనకు అంత తేలిగ్గా సరిపోదు. బయాప్సీ నిజంగానే వీలుకాదంటే, ఎందుకు కాదో, ఏ ఆధారంతో క్యాన్సర్ అంటున్నారో విడమరిచి చెప్పించుకోండి.

## ఏవి చూసి ఎంచుకోవాలి

గడ్డ ఎంత, ఎక్కడ? ఈ రెండూ తెలిస్తే సగం తేలిపోతుంది. 2 సెంటీమీటర్లలోపు గడ్డకు దాదాపు అన్ని దారులూ తెరిచే ఉంటాయి. 3 దాటితే అబ్లేషన్ బలం తగ్గుతుంది. 5 దాటితే ఇక్కడ చెప్పే ఏ పద్ధతీ మామూలుగా సరిపోదు. ఊపిరితిత్తి అంచున ఉన్న గడ్డ వేరు, గాలి గొట్టం పక్కనో పెద్ద రక్తనాళం పక్కనో ఉన్నది వేరు. పక్కటెముకలను ఆనుకుని ఉంటే అదింకో లెక్క.

తర్వాత మిగతా ఊపిరితిత్తి సంగతి. ఎంఫిసీమా (ఊపిరితిత్తుల్లోని గాలి గదులు దెబ్బతినే జబ్బు) ఉంటే సూది గుచ్చినప్పుడు గాలి లీకయ్యే ప్రమాదం ఎక్కువ. ఊపిరితిత్తులు గట్టిపడే ఐఎల్‌డీ ఉంటే రేడియేషన్‌తో వాపు వచ్చి ప్రాణం మీదికి రావొచ్చు.

గుండెలో స్టెంట్ ఉండి రక్తం పలచన చేసే మందులు వాడుతున్నారా? సూది గుచ్చాలంటే వాటిని కొన్ని రోజులు ఆపాల్సి రావొచ్చు. గుండె డాక్టర్‌ను అడక్కుండా మీ అంతట మీరు ఆపకండి. రేడియేషన్‌కు ఆ గొడవ లేదు. పేస్‌మేకర్ ఉంటే మాత్రం అన్ని చోట్లా ముందే చెప్పాలి. రేడియోఫ్రీక్వెన్సీలో ఒంట్లోంచి కరెంటు పోతుంది కాబట్టి అక్కడ మరీ ముఖ్యం.

ఇక గడ్డలెన్ని, ఇవి మళ్లీ వచ్చే రకమా అన్నది. పెద్దపేగు, కిడ్నీ క్యాన్సర్ల నుంచి ఊపిరితిత్తికి వచ్చిన చిన్న మచ్చలైతే ఇవాళ రెండు, రేపు ఇంకోటి రావొచ్చు. అప్పుడు మళ్లీ మళ్లీ చేయగలిగే పద్ధతికి విలువ పెరుగుతుంది.

| | ఎస్‌బీఆర్‌టీ రేడియేషన్ | రేడియోఫ్రీక్వెన్సీ | మైక్రోవేవ్ | క్రయో |
|---|---|---|---|---|
| ఎలా పనిచేస్తుంది | బయటి నుంచి కిరణాలు | సూది ద్వారా వేడి | సూది ద్వారా వేడి | సూది ద్వారా గడ్డకట్టించే చలి |
| ఏ సైజుకు బాగుంటుంది | 5 సెం.మీ. వరకు | 2 లోపు బాగా, 3 వరకు | 3 వరకు, కొన్నిసార్లు కాస్త పెద్దవి | 3 వరకు |
| ఎన్నిసార్లు | 3 నుంచి 8 సిట్టింగులు | సాధారణంగా ఒకసారి | ఒకసారి | ఒకసారి |
| మత్తు | అక్కర్లేదు | కావాలి | కావాలి | కావాలి, తేలికపాటిది చాలవచ్చు |
| ఆసుపత్రిలో పడక | అక్కర్లేదు | ఒకటి రెండు రోజులు | ఒకటి రెండు రోజులు | ఒకటి రెండు రోజులు |
| ముఖ్యమైన ఇబ్బంది | కొన్ని వారాలు, నెలల తర్వాత ఊపిరితిత్తి వాపు | గాలి లీక్, రక్తనాళం పక్కన సరిగ్గా కాలకపోవడం | గాలి లీక్ | గాలి లీక్, కఫంలో రక్తం |

## ఎస్‌బీఆర్‌టీ: ముందుగా అడగాల్సింది ఇదే

ఊళ్లో "కరెంటు పెడతారు" అంటారే, అదే కుటుంబానికి చెందినది. కానీ పాత పద్ధతిలో ఆరు వారాలు, ముప్పై సిట్టింగులు ఉండేవి. ఎస్‌బీఆర్‌టీలో చాలా పక్కల నుంచి సన్నని కిరణాలను గడ్డ మీద కలిసేలా గురిపెట్టి, పెద్ద మోతాదును కొద్ది సిట్టింగుల్లోనే ఇచ్చేస్తారు. సైబర్‌నైఫ్ అన్న పేరు వింటే కత్తి ఉంటుందనుకుంటారు. అదీ ఈ పని చేసే మెషీన్లలో ఒకటే. కోత లేదు, సాధారణంగా సూదీ ఉండదు.

ఆపరేషన్ తట్టుకోలేని తొలిదశ రోగులకు ఇదే మొదటి ఎంపికగా ప్రపంచమంతటా నిలబడింది. అమెరికాలో ఆర్‌టీఓజీ 0236 అనే అధ్యయనం ఫలితాలు 2010లో వచ్చాయి. అందులో 55 మంది రోగులకు మూడు సిట్టింగుల్లో 54 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) ఇచ్చారు. మూడేళ్ల తర్వాత 97.6 శాతం మందిలో అసలు గడ్డ అదుపులోనే ఉంది. మూడేళ్లకు బతికున్నది మాత్రం 55.8 శాతం మంది. ఈ రెండు అంకెల మధ్య తేడా మొదట చూసినప్పుడు నాకు గుండె ఆగినంత పనైంది. తర్వాత అర్థమైంది: ఆ రోగుల్లో చాలామందికి అప్పటికే గుండె జబ్బులు, తీవ్రమైన ఆయాసం ఉన్నాయి. కొందరికి జబ్బు వేరే చోట తిరగబెట్టింది. కిరణాలు ఆ గడ్డ వరకే పనిచేస్తాయి. పాత పద్ధతి రేడియేషన్‌తో పోలిస్తే గడ్డను అదుపు చేయడంలో ఇదే మెరుగని 2019లో వచ్చిన చిజెల్ అధ్యయనం కూడా తేల్చింది.

చేసే తీరు చెబితే భయం కొంత తగ్గుతుంది. మొదటి రోజు వైద్యం ఉండదు, కొలతలే. చిన్న పూసలు నింపిన దిండు లాంటి సంచీ మీద నాన్నను పడుకోబెట్టి, అందులోంచి గాలి లాగేశారు. సంచీ ఆయన వీపు, భుజాల ఆకారంలో గట్టిపడి అచ్చులా నిలిచిపోయింది. ప్రతి సిట్టింగుకూ ఆ అచ్చులోనే పడుకోవాలి. చేతులు రెండూ తలపైకి ఎత్తి ఒక పిడి పట్టుకోవాలి. నాన్న ఆ పిడిని స్టీరింగ్ పట్టుకున్నట్టే పట్టుకున్నారు, వేళ్లు వాటంతటవే అలా మడుచుకున్నాయి. ఊపిరి తీస్తుంటే గడ్డ ఎంత పైకీ కిందికీ కదులుతోందో ఫోర్‌డీ సీటీలో చూశారు. తర్వాత రోజు విడిచి రోజు ఐదు సిట్టింగులు. ఒక్కొక్కటి అరగంటలోపే. అయిపోగానే లేచి చొక్కా వేసుకుని, కింద క్యాంటీన్లో ఇడ్లీ తిని ఆటోలో ఇంటికి వచ్చేవారు.

భుజం నొప్పి ఉన్నవాళ్లు ముందే ఫిజియోథెరపీ చేయించుకుని చేతులు పైకి లేపడం అలవాటు చేసుకోండి. నాన్నకు మొదటి రోజు అన్నిటికన్నా కష్టమైంది అదే.

ఇబ్బందులు ఆలస్యంగా వస్తాయి. మొదట్లో నీరసం. నెల తర్వాత నుంచి ఆరు నెలల్లోపు పొడి దగ్గు, ఆయాసం పెరిగితే అది రేడియేషన్ వల్ల వచ్చిన వాపు కావొచ్చు. స్టెరాయిడ్లతో తగ్గిస్తారు. దాన్ని మామూలు నెమ్ము అనుకుని వీధి చివర ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించుకోవద్దు, రేడియేషన్ డాక్టర్‌కే ఫోన్ చేయండి. గడ్డ పక్కటెముకల దగ్గరుంటే ఛాతీ నొప్పి రావొచ్చు, అరుదుగా ఎముక చిట్లొచ్చు. పెద్ద గాలి గొట్టాలకు 2 సెంటీమీటర్లలోపు ఉన్న గడ్డలకు మూడు సిట్టింగుల భారీ మోతాదు ఇస్తే తీవ్రమైన హాని జరిగినట్టు 2006లోనే బయటపడింది. అందుకే అలాంటి వాటికి మోతాదును ఐదు, ఎనిమిది సిట్టింగులకు పంచుతారు. మీ గడ్డ మధ్యలో ఉండి, ఎవరైనా మూడింట్లో ముగించేస్తాం అంటే రెండో అభిప్రాయం తీసుకోండి.

## అబ్లేషన్: సూదితో గడ్డను చంపడం

దీన్ని చేసేది ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్. సీటీ మెషీన్లో పడుకోబెట్టి, చూస్తూ చూస్తూ పక్కటెముకల సందులోంచి సన్నని సూదిని గడ్డలోకి దించుతారు. కావాలంటే అదే విడతలో బయాప్సీ ముక్క కూడా తీయొచ్చు. మూడు రకాలున్నాయి, తేడా సూది కొసన జరిగే పనిలోనే.

రేడియోఫ్రీక్వెన్సీ అన్నిటికన్నా పాతది, 2000 నుంచి ఊపిరితిత్తుల్లో వాడుతున్నారు. దీని బలహీనత ఒకటే: పక్కన 3 మిల్లీమీటర్లకు మించిన రక్తనాళం ఉంటే, పారే రక్తం వేడిని లాగేసుకుంటుంది. ఆ వైపు కణాలు బతికిపోతాయి. అమెరికాలో జడ్4033 అనే అధ్యయనంలో ఆపరేషన్ వీలుకాని 51 మందికి ఇది చేస్తే, రెండేళ్లకు 69.8 శాతం మంది బతికి ఉన్నారు. కానీ అదే చోట గడ్డ తిరగబెట్టకుండా ఉన్నది 59.8 శాతంలోనే. 2 సెంటీమీటర్లలోపు గడ్డలున్నవాళ్ల ఫలితం మెరుగ్గా ఉంది. ఈ అంకెలను పైన రేడియేషన్ అంకెల పక్కన పెట్టి నేరుగా తూకం వేయకూడదు, రోగులు వేరు, కొలిచిన తీరు వేరు. అయినా తొలిదశ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు డాక్టర్లు ముందు రేడియేషన్ వైపు ఎందుకు చూస్తారో అర్థమవుతుంది.

మైక్రోవేవ్ ఆ లోటును కొంత పూడ్చింది. త్వరగా, ఎక్కువ వేడి పుట్టిస్తుంది. రక్తనాళం ప్రభావం తక్కువ. అసలు కాల్చే సమయం నిమిషాల్లోనే అయిపోతుంది. వేడి పద్ధతుల్లో ఒకటి ఎంచుకోవాలంటే, డాక్టర్‌కు రెండింట్లోనూ చేయి తిరిగి ఉంటే, నేను మైక్రోవేవ్‌నే అడుగుతాను.

క్రయోలో ఆర్గాన్ వాయువుతో సూది కొసన మంచు ముద్ద కడుతుంది. గడ్డకట్టించి, కరిగించి, మళ్లీ గడ్డకట్టిస్తారు. ఆ ముద్ద సీటీలో కనపడుతుంది. నొప్పి తక్కువ, గాలి గొట్టాల గోడలు కూడా వేడితో పోలిస్తే బాగా నిలుస్తాయి. అందుకే పక్కటెముకలను ఆనుకున్న గడ్డలకు దీన్ని ఇష్టపడతారు. వేరేచోట నుంచి ఊపిరితిత్తికి వచ్చిన 224 గడ్డల మీద చేసిన సాల్స్‌టిస్ అధ్యయనంలో ఏడాదికి 85.1 శాతం, రెండేళ్లకు 77.2 శాతం గడ్డలు అదుపులో ఉన్నాయి. సమయం ఎక్కువ పడుతుంది. మన దగ్గర మెషీన్లు ఉన్న చోట్లు తక్కువే.

మూడింటికీ ఉన్న పెద్ద ఇబ్బంది ఊపిరితిత్తికి, ఛాతీ గోడకు మధ్య గాలి చేరడం. ఇది చాలామందిలో కొద్దిగా వచ్చి అదే తగ్గిపోతుంది. కొందరికి గొట్టం వేయాల్సి వస్తుంది. మావయ్యకు వేశారు. మంచం కింద నీళ్ల సీసా, అందులో గొట్టం కొస. ఆయన దగ్గినప్పుడల్లా బుడగలు. బుడగలు ఆగితే గొట్టం తీసేస్తామని సిస్టర్ చెప్పింది. రాత్రంతా అత్తయ్య, నేను ఆ సీసా వంకే చూస్తూ కూర్చున్నాం. రెండో రోజు సాయంత్రానికి ఆయన గట్టిగా దగ్గినా నీళ్లు కదల్లేదు. మర్నాడు తీసేశారు. ఒకటే ఊపిరితిత్తి మిగిలిన వాళ్లకు, ఎంఫిసీమా ముదిరిన వాళ్లకు ఇదే గాలి లీక్ చాలా ప్రమాదం. ఆ మాట ముందే మాట్లాడుకోవాలి.

## గాలి గొట్టం మూసుకుపోతే

గడ్డ గాలి గొట్టంలోకి పెరిగి ఊపిరాడకపోతే లెక్క మారిపోతుంది. అప్పుడు బ్రాంకోస్కోపీ ద్వారా, అంటే గాలి గొట్టంలోకి కెమెరా గొట్టం దించి, లోపలి గడ్డను లేజర్‌తోనో కాటరీతోనో (కరెంటు వేడితో కాల్చడం) తొలగించి, అవసరమైతే స్టెంట్ పెడతారు. ఇది జబ్బును నయం చేయడానికి కాదు, ఊపిరి ఆడటానికి. ఆ ఉపశమనం గంటల్లోనే తెలుస్తుంది కాబట్టి ముందు ఇది చేసి, మిగతా వైద్యం తర్వాత చూస్తారు.

## ఎవరికి ఏది

ఊపిరితిత్తి అంచున 5 సెంటీమీటర్లలోపు ఒకే గడ్డ, బయాప్సీలో ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది, ఆయాసం వల్ల ఆపరేషన్ కాదు: ఎస్‌బీఆర్‌టీ. స్టెంట్ ఉండి మందులు ఆపలేని వాళ్లకు, మత్తు ఇవ్వలేని వాళ్లకు మరీను. నాన్నకు అలాగే తేల్చారు.

పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషనై రెండేళ్ల తర్వాత 1 సెంటీమీటరు, 1.3 సెంటీమీటర్ల మచ్చలు రెండు, ఊపిరి బాగానే ఉంది: మావయ్య సంగతి ఇది. అబ్లేషన్ చేశారు. ఇంకోటి వచ్చినా మళ్లీ చేయొచ్చు, చుట్టూ ఉన్న మంచి ఊపిరితిత్తి పెద్దగా పోదు. ఇలాంటి వాటికి ఎస్‌బీఆర్‌టీ కూడా చేస్తారు, రెండూ సరైన దారులే.

ఇదివరకే అదే చోట రేడియేషన్ తీసుకున్నాక గడ్డ మళ్లీ వస్తే, మళ్లీ రేడియేషన్ ఇవ్వడం కష్టం. చిన్నదైతే అబ్లేషన్ అడగండి. గాలి గొట్టాల పక్కన, ఛాతీ మధ్యలో ఉంటే సూది జోలికి వెళ్లకుండా ఎక్కువ సిట్టింగుల రేడియేషన్ గురించి మాట్లాడండి. ఐఎల్‌డీ ఉంటే రెండూ ప్రమాదమే, అక్కడ పల్మనాలజిస్ట్ (ఊపిరితిత్తుల డాక్టర్) లేకుండా ఏ నిర్ణయమూ వద్దు. నడవలేనంత నీరసంగా, మంచానికే పరిమితమైన వాళ్లకు కొన్నిసార్లు ఏదీ చేయకుండా స్కాన్లతో చూస్తూ, ఆయాసానికి, నొప్పికి మందులివ్వడమే మంచిది. అది వదిలేయడం కాదు.

రేడియేషన్ డాక్టర్‌ను అడిగితే రేడియేషన్, సూది డాక్టర్‌ను అడిగితే సూది అనడం సహజం, ఎవరికి తెలిసిన విద్య వాళ్లది. అందుకే "మా కేసు ట్యూమర్ బోర్డులో పెట్టారా?" అని అడగండి. సర్జన్, రేడియేషన్ డాక్టర్, మందుల డాక్టర్, రేడియాలజిస్ట్ ఒకే గదిలో కూర్చుని మీ స్కాన్ చూసి చెప్పిన మాటకు విలువ ఎక్కువ. "ఇలాంటివి మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు?" అని కూడా మొహమాటం లేకుండా అడగండి. మంచి డాక్టర్ నొచ్చుకోరు.

## డబ్బు సంగతి

ప్రైవేటులో రెండూ లక్షల్లోనే ఉంటాయి. ఎస్టిమేట్ రాసిచ్చేటప్పుడు ప్లానింగ్ స్కాన్, అచ్చు, సిట్టింగులన్నీ కలిపా, విడివిడిగానా అడగండి. అబ్లేషన్‌లో సూది ఖర్చే పెద్దది, రెండు సూదులు పడితే ఎంతో ముందే తెలుసుకోండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే, మీకు రాసిన చికిత్స పేరు ప్యాకేజీలో ఉందో లేదో ఆసుపత్రిలోని ఆ కౌంటర్‌లోనే తేల్చుకోండి. ప్రైవేటు ఇన్సూరెన్స్ పాలసీల్లో స్టీరియోటాక్టిక్ రేడియేషన్‌కు విడిగా పరిమితి పెట్టి ఉండొచ్చు, అప్రూవల్ ముందే తీసుకోండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, నిమ్స్, విశాఖలో టాటా మెమోరియల్ సెంటర్ వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి ఉన్నాయి. వెళ్లే ముందు మీకు కావాల్సిన పద్ధతి అక్కడ చేస్తున్నారా, ఎన్నాళ్లు ఆగాలో కనుక్కోండి. నెలల తరబడి వెయిటింగ్ అంటే ఇంకో చోటు చూడటమే మేలు.

## తర్వాతి స్కాన్ చూసి కంగారు పడకండి

అబ్లేషన్ తర్వాత మొదటి స్కాన్‌లో మచ్చ ముందుకన్నా పెద్దగా కనిపిస్తుంది. గడ్డతో పాటు చుట్టూ కాస్త మంచి భాగాన్ని కూడా కలిపి కాలుస్తారు కాబట్టి అలా ఉండాలి కూడా. రేడియేషన్ తర్వాత నెలల తరబడి అక్కడ మచ్చ గట్టిపడుతూ ఆకారం మారుతుంది, పెట్ స్కాన్‌లో వెలుగుతుంది. రిపోర్టులో "గడ్డ పెరిగింది" అని రాసి ఉన్నంత మాత్రాన అది నిజం కాకపోవచ్చు. నాన్నకు ఆరో నెలలో అలాగే రాశారు. మూడు రోజులు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. రేడియేషన్ డాక్టర్ పాత స్కాన్లు, కొత్తది పక్కపక్కన పెట్టి చూసి, మచ్చ అంచులు కిరణాలు పడిన ఆకారంలోనే ఉన్నాయని, మూడు నెలలాగి మళ్లీ తీద్దామని చెప్పారు. తొమ్మిదో నెల స్కాన్‌లో అది కుంచించుకుపోయింది.

ఆ రోజు పాత సీడీలు చేతిలో లేకపోతే ఆయన అంత ధైర్యంగా చెప్పగలిగేవారు కాదు. ప్రతి సీటీ, పెట్ స్కాన్‌కూ రిపోర్టు కాగితంతో పాటు సీడీ అడిగి తీసుకోండి. దాని మీద తేదీ రాసి ఒక్క సంచీలో పెట్టండి. అపాయింట్‌మెంట్ ఎవరి దగ్గరైనా సరే, ఆ సంచీ మీతో వెళ్లాలి.